ఒక దర్శకుడి జోకు మీద మా ఊరి ఆడవాళ్ళ అర్జీ

మా ఊరు పత్తికొండ వైపు. పేరు రాయను. ఈ వ్యవహారంలో నాతో పాటు తిరిగిన ఆడవాళ్ళు ఊరి పేరు మళ్ళీ ఎక్కడా రావద్దన్నారు. ఆ సినిమా పేరు, దర్శకుడి పేరు కూడా రాయను. జరిగింది 2025 వేసవిలో, కర్నూలులో. సినిమా ఫంక్షన్ స్టేజీ మీద ఆ దర్శకుడు మా ఊరి ఆడవాళ్ళ మీద జోకు వేశాడు. సీమంతా భగ్గుమంది. ఆ గొడవ మధ్యలో కూర్చుని ఫిర్యాదు రాసి, సంతకాలు పెట్టించి, ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళలో నేనొకదాన్ని. ఇలాంటి మాట పడ్డవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి, ఏం అడగాలి అని ఇప్పటికీ చాలామంది నన్ను అడుగుతున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ సినిమా షూటింగ్ కొంత మా ఊళ్ళోనే జరిగింది. ఫ్యాక్షన్ కథ. అందులో ఒక హత్య, ఆ తర్వాత శవం చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఏడ్చే సీను. దానికి ఊళ్ళో ఆడవాళ్ళనే పిలిచారు. వాళ్ళలో ఎక్కువమంది తొంభైల్లో జరిగిన కొట్లాటల్లో నిజంగానే భర్తలను పోగొట్టుకున్నవాళ్ళు. మా మేనత్త కూడా వెళ్ళింది. మామను చంపినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా. అత్తకు అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. తర్వాత మూడెకరాల మెట్ట పొలం, ఇద్దరు పిల్లలు, వానలు లేని ఏడు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోవడం, ఇదే ఆమె బతుకు. సీనుకు ఎందుకు ఒప్పుకున్నావత్తా అని అడిగితే, "కూలి బాగిస్తామన్యారు పాపా. అన్నం గూడా మంచిగ పెట్టినారు. ఆ పిల్లోళ్ళు అవ్వా అవ్వా అని పలకరిచ్చిరి" అంది. యూనిట్ వాళ్ళకు ఇంట్లోంచి మజ్జిగ కూడా తీసుకెళ్ళి ఇచ్చిందట. ఆమెకు వాళ్ళ మీద ఏ కోపమూ లేదు.

నేను కర్నూలులో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. సినిమా విడుదలకు ముందు మా టౌన్‌లో పెద్ద ఫంక్షన్ పెట్టారు. నేను వెళ్ళలేదు, మా సెకండియర్ పిల్లలు వెళ్ళారు. రాత్రి పొద్దుపోయాక ఒకమ్మాయి నాకు వీడియో పంపి, కింద "మేడం, మీ ఊరు" అని మాత్రం రాసింది.

ఆయన ఏమన్నాడో రాయకుండా ఈ కథ చెప్పలేను. "ఆ ఊళ్ళో ఏడ్పు సీనుకు జూనియర్ ఆర్టిస్టులను తెచ్చుకునే పనే లేకపోయింది, విధవరాళ్ళు ఫుల్ స్టాక్. బొట్టు తుడవక్కర్లేదు, గాజులు తియ్యక్కర్లేదు. మేకప్ ఖర్చు మిగిలింది మా ప్రొడ్యూసర్‌కి." ఇదీ మాట. ఊరి పేరు చెప్పి మరీ అన్నాడు. జనం నవ్వారు. యాంకర్ చప్పట్లు కొట్టింది. వెనక కుర్చీలో ఉన్న హీరోయిన్ నవ్వు మధ్యలో ఆపేసి తల పక్కకు తిప్పుకుంది. వీడియోను మళ్ళీ మళ్ళీ చూస్తే గానీ అది కనబడదు. అంత పెద్ద స్టేజీ మీద, ఆ మాట పడకూడని మాట అని తోచినట్టు కనబడింది ఆ అమ్మాయి ఒక్కదానికే.

మర్నాటికి ఆ క్లిప్ ప్రతి ఫోన్‌లోకీ వచ్చేసింది. కర్నూలు వాళ్ళకు కోపం రావడంలో తప్పేమీ లేదు. 1999 తర్వాత కొన్నేళ్ళ పాటు వరసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు మా ప్రాంతాన్ని సుమోలకూ నాటు బాంబులకూ కుదించేశాయి. కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అన్న సంగతి బయట చాలామందికి గుర్తుండదు. కొండారెడ్డి బురుజు మాత్రం అందరికీ గుర్తే, అదీ ఫైట్ సీన్ల పుణ్యమా అని. హత్యలతో పేరుపడ్డ కప్పట్రాళ్ళను అప్పటి ఎస్పీ ఆకె రవికృష్ణ దత్తత తీసుకున్నారు, అక్కడి పిల్లల చదువుల మీద శ్రద్ధ పెట్టారు. ఆ కథ ఎవరికీ సినిమాగా కనబడలేదు. మా పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరగానే "మీ ఇంట్లో కత్తులుంటాయా" అనే ప్రశ్న ఎదురవుతుంది. ఇన్నేళ్ళుగా మింగుకున్నదంతా ఆ ఒక్క క్లిప్‌తో బయటికొచ్చింది.

కానీ ఆ కోపం మా ఊరి ఆడవాళ్ళను దాటి ఎటో పోయింది. సాయంత్రానికి రాజ్‌విహార్ దగ్గర ఫ్లెక్సీ తగలబెట్టారు. ఇంకో హీరో అభిమానులు ఇదే సందని బాయ్‌కాట్ హ్యాష్‌ట్యాగ్ ఎత్తుకున్నారు. దర్శకుడి కులం తీసి తిట్టేవాళ్ళు కొందరు, ఆయన ఏ పార్టీ మనిషో వెతికేవాళ్ళు ఇంకొందరు. అన్నిటికంటే నన్ను కుదిపేసింది వేరే. ఎవరో ఆయన కూతురు స్కూల్ యూనిఫాంలో ఉన్న ఫొటో పెట్టి, దాని కింద రాయకూడని రాతలు రాశారు. ఆడవాళ్ళను అవమానించాడని మండిపడుతూ, ఇంకో ఆడపిల్లను అంతకంటే ఘోరంగా అవమానించడమా? ఆ పోస్టు పెట్టినవాళ్ళలో మా పూర్వ విద్యార్థి ఒకడున్నాడు. ఫోన్ చేసి, "ఆ పాప ఏం చేసిందిరా నీకు? మా అత్త పేరు చెప్పి ఈ పని చేస్తావా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తీసేశాడు. మిగతావాళ్ళవి తీయించడం నా చేతిలో లేకపోయింది.

ఆ రాత్రే నాకొక సంగతి అర్థమైంది. ఆ మాట ఎవరి గురించి అన్నాడో వాళ్ళను ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు, మీకేం కావాలి అని. టీవీల్లో మాట్లాడుతున్నవాళ్ళంతా మగవాళ్ళే, అందరూ కర్నూలు పౌరుషం గురించే మాట్లాడుతున్నారు.

నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు ఇక్కడి కోర్టులో వకీలు. ఇద్దరం కలిసి ఊరికి వెళ్ళాం. వీడియో అత్తకు చూపించాలా వద్దా అని దారంతా తర్జనభర్జన పడ్డాను. తీరా వెళ్తే మనవడి ఫోన్‌లో ఆమె అప్పటికే చూసేసింది. అత్తవాళ్ళ పంచలో ఆడవాళ్ళంతా కూర్చున్నారు. టీవీ వాళ్ళు కూడా వచ్చి వెళ్ళారట. మైకు పెట్టి "ఒకసారి ఏడవండమ్మా" అన్నాడట వాళ్ళలో ఒకడు. లోపలికెళ్ళి తలుపేసుకున్నామని చెప్పారు.

మేం అడిగిన ప్రశ్నకు ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. ఒకామె ఆ రోజు తీసుకున్న కూలి తిరిగి పంపించేద్దామంది. అది మీ కష్టం, పంపించాల్సిన పని లేదని వకీలమ్మ గట్టిగా చెప్పింది. ఇంకొకామె తనకేమీ వద్దు, ఊర్లోకి ఎవరూ రాకుంటే చాలు అంది. అందరిలోకీ చిన్నది ఒకామె ఉంది, నలభై ఐదు దాటి ఉండవు, పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోయాడు. ఆమె మాత్రం, "స్టేజీ ఎక్కి అన్న్యాడు గదా, ఈడికొచ్చి మా మొగాలు చూసి చెప్పమనుండ్రి, తప్పయిందని" అంది. మా అత్త చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివర్లో నా చెయ్యి పట్టుకుని, "నా మొగం ఆ సినిమాలోంచి తీసేయమను పాపా" అంది. "ఆడ నేను ఏడ్చింది ఆ బొమ్మశవానికి గాదు. మీ మామ యాదికొచ్చి ఏడ్చినా. ఆ ఏడుపు వానికి ఇయ్యను."

క్షమాపణ, కేసు, నష్టపరిహారం, ఇవన్నీ ఆలోచించుకుని వెళ్ళాం మేము. ఈ కోరిక మా ఇద్దరి ఊహలోకే రాలేదు.

ఇక పని. మొదట సాక్ష్యం. అందరి దగ్గరా ఉన్నది ముప్పై సెకన్ల ముక్క. అది సరిపోదంది వకీలమ్మ. ముందూ వెనకా కోసేసి చూపిస్తున్నారని అవతలివాళ్ళు అంటారు కదా. నిర్మాణ సంస్థ సొంత చానల్‌లో ఫంక్షన్ వీడియో మొత్తం ఉంది. దాని లింకు, అప్‌లోడ్ అయిన తేదీ, ఆ మాట వచ్చిన నిమిషం, సెకను రాసుకుని, వీడియో దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టాం. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. పాత చట్టంలో 65-బి అనేవాళ్ళే, అదే ఇది. కొత్త ఫారంలో రెండు భాగాలుంటాయి, ఫైల్ మారలేదని చూపించే హ్యాష్ వాల్యూ అనే సంఖ్య కూడా రాయాలి. ఈ పని చెయ్యడానికి మా కాలేజీ కంప్యూటర్ సైన్స్ సార్ రాత్రిదాకా కూర్చున్నారు. మంచిదే అయింది, ఎందుకంటే గొడవ ముదరగానే ఆ చానల్‌లో వీడియో మాయమైంది.

తర్వాత చట్టం. ఇక్కడ నా స్నేహితురాలు ఏదీ దాచలేదు. "ఇది బలమైన కేసు అని చెప్పి నిన్ను మభ్యపెట్టలేను" అంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో 79వ సెక్షన్ స్త్రీ మర్యాదను కించపరిచే ఉద్దేశంతో అన్న మాటలకు. పాత 509. మూడేళ్ళ దాకా శిక్ష. కానీ ఉద్దేశం అదేనని రుజువు చెయ్యాలి. సరదాకు అన్నానని ఆయన అంటాడు. పరువునష్టం 356వ సెక్షన్. అది పోలీసుల దగ్గర కాదు, నష్టపోయిన మనిషే మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లైంట్ వేసుకోవాలి. "కర్నూలు ఆడవాళ్ళు" అని గుంపుగా అంటే కోర్టులు ఒప్పుకోవు, ఫలానా వాళ్ళని గుర్తుపట్టేలా ఉండాలి. మన విషయంలో ఊరి పేరు చెప్పాడు, షూటింగ్‌కు వచ్చిన ఆడవాళ్ళని చెప్పాడు, కాబట్టి అక్కడ కొంత ఆధారముంది.

ఇంకో మాట కూడా చెప్పింది, అది అందరూ తెలుసుకోవాల్సింది. అప్పటికే నాలుగైదు జిల్లాల్లో ఎవరెవరో ఫిర్యాదులు ఇస్తామని ప్రకటనలు చేస్తున్నారు. అలా ఊరూరా కేసులు పెడితే మన గొంతు పెరుగుతుందనుకుంటాం, నిజానికి తగ్గుతుంది. నటి ఖుష్బూ ఒక ఇంటర్వ్యూలో అన్న మాటల మీద, ఎక్కువగా తమిళనాడులో, పెట్టిన 23 కేసులను 2010లో సుప్రీంకోర్టు ఒక్కసారిగా కొట్టేసింది. 2025 ఫిబ్రవరిలో యూట్యూబర్ రణ్‌వీర్ అల్లాబాదియా ఒక షోలో వేసిన అశ్లీలపు జోకు విషయంలోనూ అదే కోర్టు ఆయన్ను భాష గురించి తీవ్రంగా మందలిస్తూనే, అరెస్టు కాకుండా రక్షణ ఇచ్చి, అదే షో మీద కొత్త కేసులు పెట్టొద్దంది. సంబంధం లేనివాళ్ళు వేసిన పది కేసుల కంటే, మాట పడ్డ మనిషి పెట్టిన ఒక్క సంతకం బరువైనది. ఉత్సాహంగా ముందుకొచ్చిన రెండు సంఘాల వాళ్ళకు ఇదే చెప్పి, వెనక ఉండమని బతిమాలాను. ఒక సంఘం వాళ్ళు విన్నారు. ఇంకొకరు నన్నే అనుమానించి, అవతలివాళ్ళకు అమ్ముడుపోయావన్నారు. ఆ మాట ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

అర్జీ రాయడం అన్నిటికంటే కష్టమైన పని. ఆ జోకును అక్షరం పొల్లుపోకుండా రాయాలి. నేను రాసి, ఆడవాళ్ళకు చదివి వినిపించి, అప్పుడు సంతకాలు తీసుకోవాలి. "స్టాక్" అన్న చోటికి వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది. అత్తే, "చదువు పాపా, వాడు అన్న్యాడు, మనం రాసేదానికి సిగ్గెందుకు" అంది. కొందరు సంతకం చేశారు, కొందరు వేలిముద్ర వేశారు.

సోమవారం సోమవారం కలెక్టరేట్‌లోనూ ఎస్పీ ఆఫీసులోనూ ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. నేరుగా స్టేషన్‌కు పోకుండా ముందు అక్కడికి వెళ్ళడం మాకు కలిసొచ్చింది. అర్జీ నమోదవుతుంది, నంబరు ఇస్తారు, ఆ తర్వాత ఎవరూ అది రాలేదనలేరు. ఆడవాళ్ళంతా పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. దారిలో తినడానికి ఉగ్గాని కట్టుకొచ్చారు, ఎస్పీ ఆఫీసు ముందు చెట్టు కింద నాకూ పెట్టారు. వరసలో మా ముందు పొలం గట్టు తగాదాల వాళ్ళు, కొడుకులు చూడట్లేదని వచ్చిన ముసలివాళ్ళు ఉన్నారు. లోపల అధికారి అర్జీ చదివి, కళ్ళద్దాలు తీసి, "కూర్చోండమ్మా" అని అందరికీ కుర్చీలు వేయించారు. ఆ మర్యాద మా ఊరి ఆడవాళ్ళకు అలవాటు లేనిది. ఆ ఊరివాళ్ళంటే పోలీసులు నిలబెట్టి మాట్లాడిన రోజులే వాళ్ళకు గుర్తు.

స్టేషన్‌కు పంపాక మాత్రం సాగింది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో, కేసు కట్టే ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చెయ్యడానికి, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో వీలుంది. ఆ దారే పట్టారు. ఎస్సై ఒక్కొక్కరి వాంగ్మూలం విడిగా తీసుకున్నారు. క్లిప్ పంపిన మా స్టూడెంట్ అమ్మాయిని కూడా పిలిచారు. ఆ అమ్మాయి తన అకౌంట్‌లో వీడియో పెట్టినందుకు హీరో అభిమానులమని చెప్పుకునేవాళ్ళు బూతు మెసేజీలు కుమ్మరించారు, ఇంటి వీధి పేరు రాసి బెదిరించారు. ఆ స్క్రీన్‌షాట్లతో వేరే ఫిర్యాదు రాయించి, ఫోన్‌లో ఆడవాళ్ళ భద్రత కోసం ఉన్న పోలీసుల శక్తి యాప్ వేయించారు. ఆ పిల్ల వాళ్ళమ్మ టెన్షన్‌తో అన్నం మానేసింది. అన్యాయాన్ని ఎత్తి చూపిన పిల్లకు దక్కిన బహుమానం అది.

మహిళా కమిషన్‌కు కూడా అర్జీ పంపాం. 1998 చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర కమిషన్‌కు మనుషులను పిలిపించి విచారించే అధికారం ఉంది. కోర్టులో నేరం రుజువవుతుందా లేదా అన్న సందేహం ఉన్న మాటల విషయంలో ఈ దారే త్వరగా పనిచేస్తుందని నా అభిప్రాయం. 2025 జనవరిలో దర్శకుడు నక్కిన త్రినాథరావు ఒక టీజర్ వేడుకలో నటి శరీరం గురించి అన్న మాటల మీద తెలంగాణ కమిషన్ తనంతట తానే చర్య మొదలుపెట్టింది, ఆయన క్షమాపణ చెప్పారు. ఆ వార్తల కాపీలు మా అర్జీకి జత చేశాం. చాలామంది సెన్సార్ బోర్డుకు రాయమన్నారు. అది వృథా. ఆ బోర్డు సినిమాకు సర్టిఫికెట్ ఇస్తుంది, స్టేజీ మీద మాట్లాడిన మాటతో దానికి సంబంధం లేదు.

వీడియో వేదికలకు రిపోర్టు కొట్టడం మా కాలేజీ పిల్లలు తీసుకున్నారు. అప్పటి ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. కొన్ని తీశారు, కొన్ని తీయలేదు. షూటింగ్ నాటి ఫొటోలో మా అత్త మొహానికి గుండ్రంగా గీత గీసి "ఫుల్ స్టాక్" అని పెట్టిన పేజీ ఒకటుంది. దాన్ని తీయించేదాకా ఆ పిల్లలు నిద్రపోలేదు.

సినిమావాళ్ళ సంఘం ఒకదానికి ఉత్తరం రాశాం. అందులో ఒక పేరా నేను ఇష్టంగా రాశాను. తెలుగు సినిమాకు గౌరవం తెచ్చి, దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న బి.ఎన్.రెడ్డి కడప జిల్లా మనిషి, కె.వి.రెడ్డి తాడిపత్రి మనిషి, మీ వృత్తికి మర్యాద నేర్పినవాళ్ళు మా నేల నుంచే వచ్చారు, ఆ మర్యాదే ఇప్పుడు అడుగుతున్నాం అని. జవాబు రాలేదు.

ఈలోగా దర్శకుడి క్షమాపణ వచ్చింది. నాలుగు లైన్లు. సరదాగా అన్న మాటను వక్రీకరించారని, ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే మన్నించాలని. ఏ మాటో లేదు, ఎవరినో లేదు. చానళ్ళు "క్షమాపణతో వివాదానికి తెర" అని వేసేశాయి. సగం మంది మరిచిపోయారు, హ్యాష్‌ట్యాగ్ వాళ్ళు ఇంకో గొడవకు వెళ్ళిపోయారు. మా క్లాసులో పిల్లలు దీని మీద గట్టిగానే వాదించుకున్నారు. 2011లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో డెన్మార్క్ దర్శకుడు లార్స్ ఫాన్ ట్రీర్ ప్రెస్ మీట్‌లో హిట్లర్‌ను అర్థం చేసుకోగలనని, తాను నాజీనని జోకులాడితే, ఆయన వెంటనే క్షమాపణ చెప్పినా మర్నాడు ఫెస్టివల్ ఆయన్ను వెలివేసింది. 2018లో ఆయన సినిమాను మళ్ళీ అక్కడే చూపించారు. అదే ఏడాది జూలైలో హాలీవుడ్ దర్శకుడు జేమ్స్ గన్‌ను పాత ట్వీట్ల జోకుల మీద డిస్నీ తీసేసి, 2019 మార్చిలో తిరిగి పెట్టుకుంది. వేటు పడాలి అని కొందరు, క్షమించాలి అని కొందరు. నేను వాళ్ళకు ఒకటే చెప్పాను. వేటు వెయ్యడమూ ఎత్తెయ్యడమూ ఆ సంస్థల లెక్కలు. మనకు కావాల్సింది వేరే. ఫలానా ఆడవాళ్ళను ఫలానా మాట అన్నాను, అది తప్పు అని ఆ మనిషి నోటితో చెప్పాలి. దానికి ఉద్యోగం ఊడక్కర్లేదు, సినిమా ఆగక్కర్లేదు.

కమిషన్‌కు అర్జీ వెళ్ళిందని తెలిశాక ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్ చేశాడు. మనిషికింత ఇస్తాం, అర్జీలు వెనక్కి తీసుకోండి అన్నాడు. ఆ మాట దాచకుండా ఆడవాళ్ళ ముందు పెట్టాను. వాళ్ళలో ఒకరింట్లో ఆపరేషన్ ఉంది, డబ్బు అవసరం ఎంతో నాకు తెలుసు. తీసుకోవద్దని చెప్పే హక్కు నాకు లేదు. ఆమే కాసేపు ఆలోచించి, "ఆ దుడ్లతో ఆపరేషన్ చేపిస్తే నా కొడుక్కు నయమైనా నాకు నయం గాదు" అంది.

అప్పుడు వకీలమ్మ ఒక కాగితం మీద మా షరతులు రాసి పంపింది. ఆ మాటను ఒప్పుకుని వీడియోలో క్షమాపణ చెప్పాలి. అత్త కనిపించే షాట్లు థియేటర్ కాపీలోనూ, తర్వాత ఓటీటీలో వచ్చే కాపీలోనూ తీసెయ్యాలి. ఊరికి వచ్చి ఆడవాళ్ళ ముందు చెప్పాలి. డబ్బు ప్రస్తావన లేదు. షాట్ల విషయంలో సెన్సార్ అయిపోయింది, ఇక ముట్టుకోలేమన్నారు మొదట. అది నిజం కాదు. సర్టిఫికెట్ తర్వాత ఏ మార్పు చేసినా బోర్డుకు తెలిపి నమోదు చేయించుకోవాలి, అంతే గానీ, తియ్యకూడదని ఎక్కడా లేదు. ఈ సంగతి వకీలమ్మ రాతపూర్వకంగా పంపాక దారికొచ్చారు. ఆ ఫోన్లలో నేను గమనించింది ఏమిటంటే, కోపంగా అరిచినవాళ్ళకు వాళ్ళ దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఫలానా షాటు, ఫలానా నిమిషం అని అడిగితే జవాబు లేదు.

రెండో క్షమాపణ వీడియోలో దర్శకుడు తానన్న మాటను పూర్తిగా చెప్పాడు. ఆ ఆడవాళ్ళు తమ ఇంట్లో మనిషిలా చూసి మజ్జిగ ఇచ్చారని, వాళ్ళ కష్టాన్ని నవ్వులపాలు చేశానని, అది తప్పేనని అన్నాడు. తన కూతురి మీద రాసిన రాతల సంగతి ఎత్తలేదు. ఎత్తి సానుభూతి తెచ్చుకోవచ్చు, తెచ్చుకోలేదు. అది ఆయన మంచితనమే అనుకుంటాను. ఆ వీడియో చూసినవాళ్ళు మొదటి క్లిప్ చూసినవాళ్ళలో పదో వంతు కూడా ఉండరు.

సినిమా విడుదలయ్యాక నేనూ ఆ స్టూడెంట్ అమ్మాయీ మ్యాట్నీకి వెళ్ళాం. ఆ సీను వచ్చినప్పుడు ఇద్దరం సీటు అంచుకు జరిగి చూశాం. ఆడవాళ్ళు వెనక నుంచి, దూరంగా మసగ్గా కనిపించారు. అత్త మొహం లేదు. రాత్రి ఫోన్ చేసి చెబితే, "సరే పాపా" అని, వెంటనే కాయకూరల ధరలు అడిగింది. కొన్నాళ్ళకు సినిమా ఓటీటీకి వచ్చింది, అక్కడా చూశాను. అదే కాపీ.

అత్త, ఇంకొందరు తమకిది చాలన్నారు. ఊరికి వచ్చి చెప్పాలన్న చిన్నామె మాత్రం ఒప్పుకోలేదు. దర్శకుడు షెడ్యూల్ అంటున్నాడు, భద్రత అంటున్నాడు, ఊరికి ఇంకా రాలేదు. మిగతావాళ్ళు రాజీ కాగితం మీద సంతకాలు పెట్టినరోజు ఆమెకు కూడా కాగితం ఇచ్చారు. చదివించుకుని విని, మడిచి తిరిగి ఇచ్చేసింది. పరువునష్టం కంప్లైంట్ ఆమె పేరుతో వేయడానికి నా స్నేహితురాలు కాగితాలు సిద్ధం చేస్తోంది. సాక్షుల జాబితాలో మొదటి పేరు నాది.